రేడియేటర్ బిగించగానే పని అయిపోదు

ఎడిటర్ గారికి,

కారు రేడియేటర్‌ని ఇంట్లోనే మార్చుకోవచ్చంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. నిజమే, స్పానర్ పట్టడం తెలిసినవాళ్లకి అదేమీ బ్రహ్మవిద్య కాదు, నేనూ మార్చుకున్నాను. కానీ బోల్టులు విప్పడం, హోస్‌లు తగిలించడం గురించి అంత వివరంగా రాసి, చివర్లో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) నింపి స్టార్ట్ చేయండని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, నా పేచీ అక్కడే.

కొత్త రేడియేటర్ వేశాక కూడా బండి హీటెక్కుతుంటే ముందు అనుమానించాల్సింది లోపల ఇరుక్కున్న గాలిని. పైనుంచి చూస్తే కూలెంట్ నిండుగానే ఉంటుంది, కానీ థర్మోస్టాట్ (వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) తెరుచుకోనంతవరకు ఇంజిన్‌లో గాలి ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. అందుకని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, కారు లోపల హీటర్‌ని ఫుల్‌లో పెట్టి, స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదిలేయాలి. చాలా కార్లలో 80 నుంచి 90 డిగ్రీల మధ్య థర్మోస్టాట్ తెరుచుకుంటుంది, అప్పుడు బుడబుడమని బుడగలొచ్చి, అప్పటిదాకా అంచుదాకా ఉన్న కూలెంట్ గబుక్కున కిందికి దిగిపోతుంది, మళ్లీ కొంచెం కొంచెంగా పోస్తూ ఉండాలి. కొన్ని కార్లకి గాలి వదలడానికి విడిగా స్క్రూ ఉంటుంది, మాన్యువల్ చూస్తే తెలుస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కినా హీటర్‌లోంచి చల్లగాలే వస్తోందంటే గాలి ఇంకా పోలేదన్నమాట. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు, సెన్సార్ కూలెంట్‌లో మునిగి లేకపోతే ఆ ముల్లు చెప్పేది నమ్మలేం.

ఇంకోటి, "కాస్త చల్లారాక మూత తీయండి" అని రాశారు. కాస్త అంటే ఎంతండీ? లోపల ప్రెషర్ ఉంటుంది కాబట్టి 100 డిగ్రీలు దాటినా కూలెంట్ మరగదు, మూత తిప్పిన మరుక్షణం ఆ ప్రెషర్ పోయి ఆవిరితో సహా ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. పై హోస్‌ని చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా ఉండాలి, అప్పటిదాకా మూత జోలికి పోకూడదు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ కొన్ని బళ్లలో ఇంజిన్ ఆపి తాళం తీసేశాక కూడా తిరుగుతుంది, చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయడం మంచిది. కూలెంట్‌ని రంగు చూసి కొనడం కూడా తప్పే, ఒకే రంగులో వేర్వేరు రకాలు దొరుకుతాయి, పడని రకాలు కలిస్తే లోపల జిగురులా గడ్డకడుతుంది.

పాత కూలెంట్ సంగతైతే అసలు ఎత్తనే లేదు. అందులో ఎక్కువగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, తియ్యగా ఉంటుంది, విషం. నేలమీద ఒలికితే కుక్కలు, పిల్లులు నాకేస్తాయి, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పక్కన పెడితే పిల్లలు తాగేయొచ్చు. కాలవలో పారబోయకుండా గట్టి మూతున్న డబ్బాలో పోసి, పైన పేరు రాసి, తీసుకునే వర్క్‌షాప్‌లో ఇచ్చేయాలి. ఈ ముక్కైనా రేపటి పేపర్లో సవరణగా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు