ఇప్ప పువ్వు నోటుబుక్కుకు సైన్స్ ప్రదర్శనలో చోటు కావాలి

సంపాదకుడికి,

మహారాష్ట్రలో ప్రాణహిత నది ఒడ్డున ఉన్న మా సిరోంచ ప్రాంతంలో చాలా ఇళ్లలో మాట తెలుగు, పిల్లల బడి చదువు మరాఠీ. సైన్స్ ప్రదర్శన వచ్చిందంటే ఈ రెండింటి మధ్య మా పిల్లలు ఎలా నలిగిపోతున్నారో చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిందటి చలికాలంలో ఒక పాఠశాల ప్రదర్శనకు వెళ్లాను. వంట సోడాలో వెనిగర్ పోస్తే పొంగే అగ్నిపర్వతం మూడు బల్లల మీద కనిపించింది. సిరంజీలతో చెయ్యి లేపే జేసీబీలు రెండు. థర్మోకోల్ ఇళ్లు, వాటి మీద వాన నీటి గొట్టాలు సరేసరి. పిల్లలు కష్టపడలేదని అనను. కానీ ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నావని అడిగితే ఒకరు "సార్ ఇచ్చారు" అన్నారు, ఇంకొకరు "ఫోనులో చూశాను" అన్నారు. తప్పు పిల్లలది కాదు. ప్రదర్శన ఉందని వారం ముందు చెబితే ఎవరైనా చేయగలిగేది అంతే.

ఆ వరుస చివర మా మేనకోడలు ఒక నోటుబుక్కు, నాలుగు ఎండు ఇప్ప పువ్వులు పెట్టుకుని నిలబడింది. ఎనిమిదో తరగతి. అంతకు ముందు మార్చిలో పువ్వు ఏరడానికి వెళ్లినప్పుడు, "అత్తా, మనం వచ్చేసరికే అంతా రాలి ఉంటుంది కదా, అసలు ఏ వేళ రాలుతుంది?" అని అడిగింది. నాకు తెలియదు. వాళ్ల తాతను అడిగితే వేకువన అన్నాడు. ఆ మాట సరిచూస్తానని మొండికేసింది. పాత చీరలు జతచేసి కుట్టి, ఊరి పక్క చెట్టు కింద పరిచి, తాతను తోడు తీసుకుని రాత్రి పదికి, తెల్లవారుజామున నాలుగుకు, ఆరుకు, ఎనిమిదికి పువ్వులు ఏరి లెక్కపెట్టింది. అలా ఏడు రాత్రులు. చీర అంచు మీద సగం పడిన పువ్వును లెక్కలో చేర్చాలా వద్దా అని మొదటి రోజే సందేహం వచ్చింది. చేర్చకూడదని తానే తేల్చుకుని, ఆ నియమం మొదటి పేజీలో రాసుకుంది. తాత మాట నిజమేనని తేలింది. ఒక రాత్రి మబ్బు పట్టి పువ్వు తక్కువ రాలింది. దాని కింద "ఒక్క రాత్రే చూశాను, మబ్బు వల్లనే అని చెప్పడానికి చాలదు" అని రాసింది. ఆ వాక్యం చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. పెద్దలం ఎంతమందిమి అంత నిజాయితీగా రాస్తాం?

పరిశీలకులు వచ్చి, కొన్ని పువ్వులు కొరికి ఉన్నాయని రాశావు, అవి ఏ జంతువు పని అని మరాఠీలో అడిగారు. పిల్లకు జవాబు తెలుసు. రాత్రి గబ్బిలాలు ఆ తీపి రేకుల కోసం వాలడం కళ్లారా చూసింది. కానీ గబ్బిలాన్ని మరాఠీలో వటవాఘూళ్ అంటారని ఆ క్షణంలో గుర్తు రాలేదు. తల వంచుకుంది. వాళ్లు ముందుకు కదిలిపోయారు. బహుమతి, దీపాలు వెలిగే నమూనాకు వెళ్లింది.

విషయం ఎంచుకోవడమంటే ఏమిటో మనం పిల్లలకు చెప్పడం లేదు. "ఇప్ప చెట్టు" అంటే దాని గురించి ఎంతైనా రాయవచ్చు, ప్రాజెక్టు మాత్రం అవదు. "ఏ వేళ ఎక్కువ రాలుతుంది" అంటే లెక్కపెట్టగల ప్రశ్న అవుతుంది. కొత్త కుండలో నీళ్లు పాత కుండలో కంటే చల్లగా ఉంటాయా? మిరపకాయలు నేల మీద త్వరగా ఎండుతాయా, పట్టా మీదనా? వానాకాలంలో ప్రాణహిత నీళ్లు సీసాలో పట్టి ఉంచితే తేరుకోవడానికి ఎన్ని గంటలు పడుతుంది? ఒక్కటి మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి, కనీసం మూడుసార్లు చేసి చూడాలి. వీటికి కావలసింది గడియారం, తక్కెడ, ఓపిక. ఆ తరువాత ఫోనులో వెతకనివ్వండి. మరాఠీ విశ్వకోశం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఏ ముక్క ఎక్కడ చదివారో, ఏది తాత చెప్పాడో పక్కన రాయమని చెబితే చాలు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఈ తాలూకాలోని పోచంపల్లి దగ్గర 1960 ప్రాంతంలో కలకత్తా భారతీయ గణాంక సంస్థ వారు తవ్వితే సుమారు 300 రాక్షసబల్లి ఎముకలు బయటపడ్డాయి. ఒక తొడ ఎముకే 1.7 మీటర్లు. బెంగాలీలో "బర పా" అంటే పెద్ద కాలు. ఆ మాటకు, 1961లో శతజయంతి జరిగిన కవి టాగోర్ పేరు కలిపి, 1975లో దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాలో ఉంది. అది దొరికిన రాతి పొరలకు పేరు ఇచ్చింది ప్రాణహిత ఒడ్డునే ఉన్న మా కోట గ్రామం. ఇదే తాలూకాలోని వడధంలో రాయిగా మారిన చెట్ల మాన్లను ఇప్పటికీ చూడవచ్చు. ఆ ప్రదర్శనలో ఒక్క బల్ల మీద కూడా ఈ సంగతి లేదు. ఎముకలు తవ్వమని నేను అనడం లేదు, తవ్వకూడదు కూడా. ఊళ్లో ఏ వాగులో ఎలాంటి రాయి కనబడుతుందో పటం గీయడానికి ఏ అనుమతీ అక్కరలేదు కదా.

1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ ఉద్దేశమే పిల్లలు తమ చుట్టూ ఉన్న సమస్యను తీసుకుని పరిశోధించడం. కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ పథకంలో ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలు ఇస్తారు. దారులు లేకపోలేదు. మా దగ్గర లోపిస్తున్నది వ్యవధి, భాష.

కాబట్టి విద్యాశాఖను కోరేది ఇది. ప్రదర్శన తేదీని జూన్ చివర బడి తెరిచిన వారంలోనే ప్రకటించండి. మార్కుల్లో సగమైనా రోజువారీ నోటుబుక్కుకు ఇవ్వండి. బల్ల దగ్గర వివరించేటప్పుడు పిల్లలను ఇంటి భాషలో చెప్పనివ్వండి. తెలుగు, మరాఠీ రెండూ వచ్చిన ఉపాధ్యాయులు మా ప్రాంతంలో ఉన్నారు, ఒకరిని పరిశీలకుల పక్కన నిలబెడితే సరిపోతుంది. మరాఠీ బాగా నేర్చుకోవాలనే నేనూ అంటాను. కానీ తెలిసిన జవాబు మాట దొరకక గొంతులోనే ఆగిపోకూడదు.

ఇప్ప పువ్వు మార్చి, ఏప్రిల్ నెలల్లోనే రాలుతుంది, ప్రదర్శనలు చలికాలంలో పెడతారు. అంతకు ముందు ఎండాకాలంలో రాసుకున్న నోటుబుక్కును అంగీకరిస్తారో లేదో ఎక్కడా రాసి లేదు. ఈసారి మా మేనకోడలు మబ్బు రాత్రులు ఎన్ని వస్తే అన్నీ లెక్కపెడతానంటోంది. తాత కూడా సరేనన్నాడు. మార్చి రాకముందే అధికారులు ఆ ఒక్క మాట స్పష్టం చేయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు,
సిరోంచ, గడ్చిరోలి జిల్లా