దూరపు జడ్జీల సంగతి

ఒరేయ్ శీనూ,

ఒకప్పుడు మన కేసులకి కూడా ఆఖరి అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ ఇంకా బతికే ఉందా అని అడిగావుగా. భేషుగ్గా ఉంది. 1833లో పుట్టిన ఆ కోర్టు ఇప్పుడు లండన్‌లో యూకే సుప్రీంకోర్టు భవనంలోనే కూర్చుంటుంది. జడ్జీలు కూడా చాలావరకు వాళ్ళే. మనం 1949లో దానికో దణ్ణం పెట్టేశాం గానీ, బ్రిటన్ కిందే ఉన్న బెర్ముడా, జిబ్రాల్టర్, కేమన్ దీవుల్లో ఇప్పటికీ ఆఖరి మాట దానిదే. స్వతంత్రం వచ్చిన మారిషస్ కూడా వదులుకోలేదు, చూడు! కేమన్ నుంచి వచ్చే కంపెనీల డబ్బు గొడవలు చదువుతుంటే నాకైతే నిద్రొస్తుంది.

పిట్‌కెయిర్న్ కేసు మాత్రం నిద్ర పట్టనివ్వలేదు. పసిఫిక్ మధ్యలో యాభై మంది కూడా లేని బ్రిటిష్ దీవి. విమానం దిగే చోటు లేదు. ఓడ వస్తే మగాళ్ళు పడవలేసుకుని ఎదురెళ్ళి సరుకులు దింపుకోవాలి. ఏళ్ళ తరబడి ఆడపిల్లల మీద చేసిన అఘాయిత్యాలకి 2004లో అక్కడ ఆరుగురికి శిక్ష పడింది. వీళ్ళు జైలుకెళ్తే పడవలెవరు నడుపుతారని ఊళ్ళో ఒకటే టెన్షన్. అప్పీలు లండన్ దాకా వెళ్ళింది. వాదన విను: బ్రిటిష్ నేవీ మీద తిరగబడ్డ మా పూర్వీకులు 1790లో తమ బౌంటీ ఓడని తగలబెట్టినప్పుడే బ్రిటన్‌తో బంధం తెగింది, పైగా ఇంగ్లండు చట్టాన్ని మా దీవిలో ఎవరూ ప్రకటించలేదు అని! 2006లో కౌన్సిల్ అదంతా కొట్టిపారేసింది. రేప్ నేరమని తెలియడానికి చట్టం పుస్తకం ఇంటికి రావాలిట్రా?

అంత దూరాన ఉన్నవాళ్ళకి అక్కడి సంగతులేం తెలుస్తాయని నువ్వంటావు. కానీ ఊరంతా చుట్టాలే అయినచోట దూరపువాడే నయం. అలాగని ప్రతిసారీ వాళ్ళని మెచ్చుకోను. స్వలింగ వివాహాలకి బెర్ముడా కోర్టులు ఒప్పుకుంటే, 2022లో ఈ కౌన్సిలే ఆ తీర్పుని తిరగేసింది. అది నాకు మింగుడు పడలేదు.

అన్నట్టు, నువ్వు కోర్టులో రోజూ వల్లించే పులుకూరి కొట్టయ్య కేసు తేల్చింది కూడా వాళ్ళేగా! పులిపాడు చెరువు మూల కాపు కాసి చంపామని, బల్లెం ఫలానావాడి గడ్డివామిలో దాచానని ఒకడు పోలీసులకి చెబితే, బల్లెం దొరికేలా చేసిన ఆ దాచిన మాట వరకే సాక్ష్యం, చంపిన మాట చెల్లదన్నారు. తీర్పు రాసిన బ్యూమాంట్ దొర అంతకుముందు బొంబాయి చీఫ్ జస్టిస్. కాబట్టి గడ్డివామి అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదనుకుంటా.

ఇప్పుడు వాదనలు ఆన్‌లైన్‌లో లైవ్ వస్తున్నాయి. మన టైముకి సాయంత్రాలే, కోర్టు నుంచి వచ్చాక టీ తాగుతూ చూడు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రాజు