సూది ఎంత వాలిందో రాయి
కళింగపట్నం

చిన్నబాబుకు అమ్మ ఆశీస్సులు.

ఓడ బ్రెజిల్‌లోని శాంటోస్ రేవుకి వెళ్తోందని మొన్న ఫోన్‌లో చెప్పావు కదా. ఆ సాయంత్రమే ఎదురింటి అబ్బాయి వచ్చి, "పిన్నీ, అటువైపు భూమి అయస్కాంత క్షేత్రానికి చిల్లు పడిందట" అన్నాడు. ఇన్నేళ్లు బడిపిల్లలకి సైన్సు చెప్పినదాన్నే అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఒకటే టెన్షన్. పొద్దున్నే లేచి చదవడానికి కూర్చున్నాను.

చిల్లు కాదు నాయనా, పల్చబడిన చోటు. మన తీరంలో క్షేత్రం 40 వేల నానోటెస్లాల పైమాటే; క్షేత్రం బలాన్ని కొలిచేది అందులోనే. దక్షిణ బ్రెజిల్ వైపు అది 23 వేలకి దిగిపోతుంది. భూమి చుట్టూ పైన చిక్కుకుని తిరిగే విద్యుత్ కణాలు అక్కడ సుమారు 200 కిలోమీటర్ల ఎత్తుదాకా దిగివస్తాయి. అందుకే అంతరిక్షంలో తిరిగే హబుల్ టెలిస్కోపు ఆ చోటు దాటుతున్నంతసేపూ పరిశీలనలు ఆపేస్తుంది. నీళ్ల మీద పోయే ఓడకి ఆ బాధ లేదు, నెత్తిన అంత మందాన గాలి ఉంది. అది చదివాకే అన్నం సహించింది.

అయితే నీ పనికి సంబంధించిన సంగతి ఇంకోటి దొరికింది. మన ఊళ్లో దిక్సూచి సూది దాదాపు అసలు ఉత్తరాన్నే చూపిస్తుంది, తేడా ఒక డిగ్రీ లోపే. శాంటోస్‌లో 20 డిగ్రీలకు పైగా పడమరకు వాలిపోతుంది! మీరు వేరియేషన్ అనేది దీన్నే కదా. ఓడలోని ఇనుము సూదిని పక్కకు లాగడం వల్ల వచ్చే డీవియేషన్ దీనికి అదనం. కరెంటుతో నడుస్తూ అసలు ఉత్తరాన్నే చూపే జైరో ఉంది కదా అని అశ్రద్ధ చేయకు బాబూ. కరెంటు పోయిన రాత్రి మీకు మిగిలేది ఆ సూదే.

చిన్నప్పుడు పాడైన రేడియో స్పీకర్‌లోంచి సూదంటురాయి ఊడదీసి, తాడు కట్టి, లైట్‌హౌస్ దగ్గర ఇసుకలో ఈడ్చుకుంటూ తిరిగేవాడివి, గుర్తుందా? నల్ల గింజలు దానికి గడ్డంలా పట్టుకునేవి. కొండల్లోంచి వంశధార మోసుకొచ్చిన మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం అది. "ఇసుకలో ఇనుము ఎవరు కలిపారమ్మా?" అని అడిగేవాడివి. అంగారకుడి గురించి చదువుతుంటే ఆ ఇసుకే కళ్లముందు మెదిలింది. ఆ గ్రహం క్షేత్రం దాదాపు 400 కోట్ల ఏళ్ల కిందటే ఆరిపోయింది. దక్షిణ భాగంలోని పాత రాళ్లు మాత్రం ఆనాటి అయస్కాంతాన్ని ఇప్పటికీ వదల్లేదు. ఎంతసేపు ఆ పేజీ దగ్గరే ఆగిపోయానో! యురేనస్ అయితే మరీ విచిత్రం. 1986లో వోయేజర్ 2 అనే వ్యోమనౌక పక్కగా వెళ్తూ చూస్తే, దాని అయస్కాంత అక్షం, గ్రహం తిరిగే అక్షానికి 59 డిగ్రీలు వాలి ఉంది.

నీ పాత దిక్సూచి కిటికీలో పెట్టాను. సూది చూపే వైపు గట్టు మీద సుద్దముక్కతో గీత గీశాను. శాంటోస్ చేరాక అక్కడ సూదికీ జైరోకీ తేడా ఎంతో, డీవియేషన్ తీసేసి, రాసి పంపు. ఆ గీత పక్కనే రెండో గీత గీస్తాను.

మీ అమ్మ