లాక్‌డౌన్ ఎత్తేశారు, మా ఏసీ హాలు మాత్రం ఇంకా తెరవడం లేదు

హైదరాబాద్‌లోని మా టిఫిన్ హోటల్ కస్టమర్లందరికీ నమస్కారం. 2021 జూన్ 20 నుంచి తెలంగాణలో కరోనా లాక్‌డౌన్ పూర్తిగా తీసేశారు. అప్పటి నుంచి కౌంటర్ దగ్గర అందరిదీ ఒకటే ప్రశ్న, "ఏసీ హాలు ఎప్పుడు తీస్తారు?" అని. దిల్‌సుఖ్‌నగర్‌లో అన్ని హోటళ్లూ తెరిచారు, మీకేమైంది అని కొందరు కోప్పడుతున్నారు కూడా. అందుకే అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

ముందు హాలు తెరిచే ఉంది. బయట నిలబడి తినే బల్లలున్నాయి, పార్సిల్ ఎప్పటిలాగే ఇస్తున్నాం. వెనక ఏసీ హాలు ఒక్కటే సెప్టెంబరు దాకా తీయం.

కారణం గాలి. కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం మే నెలలో ఒక సూచన ఇచ్చింది. నోటి నుంచి, ముక్కు నుంచి వచ్చే పెద్ద తుంపర్లు రెండు మీటర్లలోపే కింద పడిపోతాయట, గాలిలో తేలే సన్నటి కణాలు (ఏరోసాల్స్) మాత్రం గాలిలో 10 మీటర్ల దాకా పోగలవట. కిటికీలు తెరిచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే గదిలో వాసన పలచబడినట్టే వైరస్ కూడా పలచబడుతుందని అందులో రాశారు. మా ఏసీ హాలుకు కిటికీ లేదు. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే చల్లబరిచి మళ్లీ లోపలికే వదులుతుంది. ఒక రాత్రి కొట్టు కట్టేశాక అక్కడ అగరబత్తి వెలిగించి చూశాను. ముందు హాల్లో అయితే పొగ అలా పైకి లేచి వీధిలోకి వెళ్లిపోయింది. ఏసీ హాల్లో పైకప్పు కింద తెల్లటి పొరలా నిలిచింది, మేం గిన్నెలు కడిగి వచ్చేసరికి కూడా అలాగే ఉంది. బట్టల షాపులో అయితే మాస్కు తీయకుండా పని కానిచ్చుకోవచ్చు. హోటల్‌కి వచ్చి మాస్కు తీయకుండా ఎవరు తింటారు? పైగా తింటున్నంతసేపూ మాట్లాడుకుంటాం. అలాంటి గదిలో టేబుళ్లు ఎంత దూరం జరిపినా సరిపోదని నా నమ్మకం.

ఇంటి ఓనరుగారు గోడ పగలగొట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. పార్సిల్ కవర్ల మీద క్రిమిసంహారక మందు చల్లడం మానేశాం. వస్తువులను తాకడం వల్ల సోకే ప్రమాదం చాలా తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఏప్రిల్‌లోనే చెప్పింది. ఆ ఖర్చు ఫ్యాన్లకు పెడుతున్నాం. చేతులు కడుక్కోవడం మాత్రం మానొద్దు, సబ్బు ఎప్పుడూ ఉంటుంది.

రెండో కారణం మా దగ్గర పనిచేసే కుర్రాళ్లు. వాళ్లందరికీ జూన్ మొదట్లో కోవిషీల్డ్ మొదటి డోసు వేయించాం. రెండో డోసుకు 12 నుంచి 16 వారాలు ఆగాలన్నది 2021 నాటి నిబంధన. ఒక డోసు పడింది కదా, చాలదా అని అడుగుతున్నారు. రెండో వేవ్‌లో ఎక్కువగా వ్యాపించిన డెల్టా రకం వైరస్ విషయంలో చాలదు. బ్రిటన్ ప్రజారోగ్య శాఖ మే నెలలో ఇచ్చిన లెక్క ప్రకారం, లక్షణాలతో జబ్బు పడకుండా ఒక్క డోసు ఇచ్చే రక్షణ సుమారు 33 శాతమే. అదే ఆస్ట్రాజెనెకా టీకా, అంటే మన కోవిషీల్డ్, రెండు డోసులూ పడితే 60 శాతం. రోజంతా మూసిన గదిలో మీ టేబుళ్ల మధ్య తిరిగేది వాళ్లే. వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లున్నారు, మీ ఇళ్లలోనూ ఉన్నారు. రెండో డోసు పడి రెండు వారాలు గడిస్తేనే ఆ హాల్లోకి పంపుతాను.

మా దగ్గర ఏళ్లుగా పెసరట్టు తినే ఊపిరితిత్తుల డాక్టరుగారు ఒకమాట చెప్పారు. ఆంక్షలు తీసిన వారంలో కేసులు పెరగలేదంటే దాన్నిబట్టి ఏమీ చెప్పలేమట. వైరస్ సోకాక లక్షణాలు కనబడటానికి మామూలుగా ఐదారు రోజులు, ఒక్కోసారి 14 రోజులు పడుతుంది. ఆ తర్వాత టెస్టు, పరిస్థితి ముదిరితే ఆసుపత్రి. కాబట్టి ఒక సడలింపు ఇచ్చాక కనీసం రెండు మూడు వారాలు చూసి, అప్పుడే ఇంకొకటి ఇవ్వాలంటారు. ప్రభుత్వం షాపులు తెరిచి ఉంచే సమయాన్ని పొద్దున 10 వరకు, తర్వాత మధ్యాహ్నం ఒంటిగంట వరకు, తర్వాత సాయంత్రం 5 వరకు అని మెట్టుమెట్టుగానే పెంచింది. కానీ ఒంటిగంట మెట్టుకూ, 5 గంటల మెట్టుకూ దక్కింది పదేసి రోజులే. జాగ్రత్తలు పాటించకపోతే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మూడో వేవ్ రావచ్చని ఢిల్లీ ఎయిమ్స్ అప్పటి డైరెక్టర్ గులేరియా గారు జూన్ 19న అన్నారు. మేలో దేశంలో రోజుకు 4 లక్షలకు పైగా కేసులు చూశాం. ఆక్సిజన్ సిలిండర్ కోసం అర్ధరాత్రి ఫోన్లు చేసినవాళ్లు మన కస్టమర్లలోనే ఉన్నారు.

సమయం పెరగడం మాత్రం మంచిదే అయ్యింది. పొద్దున 10కల్లా కట్టేయాలన్నప్పుడు అందరూ ఒక్కసారే వచ్చి కౌంటర్ ముందు భుజాలు రాసుకుని నిలబడేవారు. నాకు అప్పుడే ఎక్కువ టెన్షన్‌గా ఉండేది. ఇప్పుడు రోజంతా ఉంది కాబట్టి వీలున్నవాళ్లు ఉదయం 8 నుంచి 10 మధ్య రాకండి. దోసె పెనం 12 వరకు వేడిగానే ఉంటుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. కోచింగ్ హాస్టళ్ల పిల్లలు ఇంకా రాలేదు, అమ్మకం సగానికి తగ్గింది. హాలు మూసినా దాని అద్దె కట్టాల్సిందే. నూనె ధర మండిపోతోంది, అందుకే పూరీ ప్లేటు మీద 5 రూపాయలు పెంచాం. ఇడ్లీ ధర పెంచలేదు. ఎవరి జీతమూ ఆపలేదు.

హాలు బుక్ చేసుకుని పుట్టినరోజులకు, అన్నప్రాసనలకు అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు బిల్లు తెస్తే మొత్తం తిరిగి ఇచ్చేస్తాం. ఇంట్లోనే చేసుకుంటామంటే టిఫిన్లు ఇంటికే పంపిస్తాం, డెలివరీ చార్జీ తీసుకోం. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లు ఫోన్ చేయండి చాలు, పార్సిల్ మీ గుమ్మం దగ్గర పెట్టించి వస్తాం.