ఆషాఢం దాకా ఆగు తల్లీ

కాకినాడ,
డిసెంబరు 2025

చి.ల.సౌ. వాణికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడుగారు, చిన్ని క్షేమమని తలుస్తాను.

మొంథా తుఫానుకు విరిగిన మామిడికొమ్మను మొన్ననే కోయించాను. చెట్టుకు ప్రమాదం లేదు. మేడమీద అద్దెకున్నవాళ్లు సంక్రాంతికి ఖాళీ చేస్తామన్నారు. వెంటనే ఎవరికీ ఇవ్వవద్దని మీ తమ్ముడికి చెప్పాను. అన్నవరంలో మన చిన్ని పెళ్లికి గదులు చాలకపోతే పెళ్లివారిలో కొందరైనా ఇక్కడ దిగవచ్చు. పై గదుల గీజరు బాగు చేయించాలి. బబ్లూ పరీక్షలని పుస్తకం పట్టుకుని నా మంచం మీదే కూర్చుంటున్నాడు.

తాంబూలాలు అయి మీరు వెళ్లిన దగ్గర నుంచి నీ గొంతు వినలేదు. పొద్దున్నే పూలబొమ్మతో శుభోదయం వస్తోంది. బొమ్మకు నేనేమని జవాబు చెప్పను? ఫోను చేస్తే పనిలో ఉన్నానంటావు, రాత్రికి చేస్తానంటావు, చేయవు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మధ్యలో పెట్టేయడానికి ఉండదు.

లలిత పిన్ని కంటిపరీక్షకు హైదరాబాదు వచ్చిందిగా, ఆ ఆసుపత్రిలో నిన్ను చూసిందట. చేతిలో పెద్ద కవరు, వెనుక బరువు తగ్గించే ఆపరేషన్ల బోర్డు. పలకరించేలోగా లిఫ్టు ఎక్కేశావట. నేను అల్లుడుగారిని అడిగాను. ఆయన దాచలేని మనిషి. "సంక్రాంతి వెళ్లాక అనుకుంటున్నాం అత్తయ్యగారూ, వాణి తనే చెబుతానంది" అన్నారు. ఆయన్ను ఏమీ అనకు.

సరే, ఆ సంగతి తరువాత. అరిసెలకు పాత బియ్యం చెప్పాను. సున్నిపిండి నేనే ఇంట్లో చేయిస్తాను, బజారుది చిన్నికి పడదు. కన్యాదానం వేళ నువ్వు కట్టుకునే మధుపర్కం చీరకు జాకెట్టు కుట్టించాలని మన టైలరు కొలతలు అడుగుతున్నాడు. ఏ కొలత ఇమ్మంటావు? ఆపరేషన్ అయిన ఆరు వారాలకు నీ ఒంటి కొలత ఎంతో ఎవరు చెప్పగలరు?

లెక్క వేసి చూడు తల్లీ. సంక్రాంతి వెళ్లిన వారంలో చేయించుకుంటే, ఫాల్గుణంలో ముహూర్తానికి ఆరు వారాలు. అందులో మొదటి రెండు వారాలు ద్రవాలు. తరువాత మెత్తగా మెదిపినవి. ఆ తరువాతే కొంచెం కొంచెంగా గట్టి ఆహారం. రోజంతా నీళ్లు గుక్కగుక్కగా తాగుతూ ఉండాలి, ఒకేసారి గ్లాసుడు తాగడానికి కుదరదు. ఈ ఆపరేషన్ అయి ఇంటికి వెళ్లినవాళ్లు మళ్లీ ఆసుపత్రికి రావడానికి ముఖ్యమైన కారణాల్లో ఒంట్లో నీరు తగ్గిపోవడం ఒకటి. మరి మన ముహూర్తం రాత్రి పది దాటాక. కన్యాదాత దంపతులు అప్పటిదాకా ఉపవాసం. పట్టుచీర, హోమం పొగ, వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, పైగా నీ షుగరు. పీటల మీద నువ్వు కళ్లు తిరిగి పడితే చిన్ని గతేమిటి?

తాంబూలాల నాడు వియ్యపురాలు నీ లావు గురించి అన్న మాట నేనూ విన్నాను. పక్కనే కుంకుమభరిణె పట్టుకుని ఉన్నాను. నీ ముఖం చూశాను. నువ్వు నవ్వి ఊరుకున్నావు గానీ ఆ రోజు భోజనంలో స్వీటు ముట్టలేదు, రెండోసారి కూర వేయించుకోలేదు. అది మరచిపోలేదు నేను. ఆమె మాట కోసం పొట్టసంచిలో ముప్పాతిక భాగం పైగా కోయించుకుంటావా? కోసి తీసింది మళ్లీ పెట్టరు. ఫొటోల కోసమైతే అసలే వద్దు.

నీ షుగరు కోసమైతే, నీ ఊపిరి కోసమైతే, నేను నీ వైపే. ఇది గట్టిగా రాస్తున్నాను, రెండుసార్లు చదువుకో. ఉద్యోగమంతా సర్జికల్ వార్డులోనే గడిచినదాన్ని, ఆపరేషన్ అన్న మాటకు బెదరను. నీ ఎత్తు 157 సెంటీమీటర్లు. దసరాలకు వచ్చినప్పుడు నీ బరువు 94 కిలోలు. ఎత్తుకు బరువు ఎంతో చెప్పే లెక్క, బి.ఎం.ఐ., 38 దాటుతోంది. 1991లో అమెరికావాళ్లు పెట్టిన పాత లెక్కలో 40 ఉండాలి, లేదా జబ్బులతో కలిపి 35 ఉండాలి. 2022లో దాన్ని సడలించి జబ్బులు లేకపోయినా 35 ఉంటే చాలన్నారు. మన ఆసియావాళ్లకు ఇంకా తక్కువ బరువుకే ప్రమాదం కాబట్టి 27.5 నుంచే ఆలోచించవచ్చన్నారు. వయసుకు పైహద్దు పెట్టలేదు. చూడవలసింది మనిషిలో సత్తువ ఎంత ఉందన్నది. కాబట్టి "56 ఏళ్లకు ఇదేం పని" అని ఎవరన్నా నువ్వు తల వంచుకోవద్దు. నిద్రలో నీ ఊపిరి ఆగి ఆగి వస్తోందని అల్లుడుగారు చెప్పినప్పటి నుంచి నాకూ నిద్ర సరిగా లేదు. షుగరు మన ఇంట్లో ఏం చేసిందో మీ నాన్నగారి పాదం చూసినదానివి, నేను వేరే చెప్పాలా?

శారద వదిన సంగతి నీకు సగమే తెలుసు. నువ్వప్పుడు డల్లాస్‌లో ఉన్నావు. ఆవిడకు 61. మోకాళ్లు రెండూ పోయాయి. బరువు తగ్గితే గానీ కీళ్లు మార్చనని ఎముకల డాక్టరు, నడవలేకపోతే బరువెలా తగ్గుతానని ఆవిడ. చివరికి కొడుకు విశాఖపట్నంలో స్లీవ్ ఆపరేషన్ చేయించాడు, పొట్టసంచిలో చాలా భాగం కోసి తీసి సన్నటి గొట్టంలా మిగిల్చేది. దానికి ముందు రెండు వారాలు అన్నం మాన్పించి పలచటి ఆహారం పెట్టాలన్నారు. కొవ్వుపట్టిన లివరు కాస్త కుంచించుకుంటేనే దాన్ని పైకెత్తి కింద ఉన్న పొట్టను చూడగలుగుతారు. ఆ రెండు వారాలు వదిన మన ఇంట్లోనే ఉంది. ఆవిడ ముందు మేము తినలేక పెరటిగదిలో తినేవాళ్లం. ఆపరేషన్ చిన్న చిన్న రంధ్రాలతో అయిపోయింది. ఆ సాయంత్రమే వరండాలో నడిపించారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా. ఇంటికి వచ్చాక నేను తోడు వెళ్లాను. ఆసుపత్రివాళ్లు 30 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ మూత ఇచ్చారు. అది మందుల వాసన వేస్తోందని వదిన నోట పెట్టుకోనంది. అప్పుడు మీ తమ్ముడిచేత నీ వెండి ఉగ్గుగిన్నె తెప్పించాను. అందులో కొలిచి పప్పుకట్టు, మజ్జిగ తేట, వడగట్టిన కోడి సూపు. గడియారం చూసి ఒక్కొక్క గుక్క. పక్కింట్లో పోపు వేస్తే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగేవి. ఒకరోజు నేను స్నానానికి వెళ్లినప్పుడు రెండు ముద్దలు పప్పన్నం గబగబా మింగింది. రొమ్ము మధ్య బిగుసుకుపోయి, తెల్లటి నురుగు కక్కుకుంది. నాలుగో నెలలో దువ్వెన పెడితే జుట్టు గుప్పెళ్లుగా వచ్చింది. మళ్లీ వస్తుందన్నారు, వచ్చింది. ఏడాదికి 102 నుంచి 76కు దిగింది. షుగరు మాత్రలు సగమయ్యాయి.

అప్పటికి మీ నాన్నగారి పాదం మొదలైంది, నేను ఇంటికి వచ్చేశాను. కొడుకు డబ్బు కట్టాడు, బెంగళూరు వెళ్లిపోయాడు. బాగానే ఉన్నానుగా అని వదిన విటమిన్ మాత్రలు మానేసింది. బి12 సూదికి వెళ్లలేదు. భోజనం కొంచెమే పడుతుంది కానీ జంతికలు, చెక్కలు నమిలితే కరిగి దిగిపోతాయి. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా డబ్బా పక్కనే. రెండో ఏడు బరువు మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. అరికాళ్లలో తిమ్మిర్లు, నడిస్తే తూలడం. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు పెరట్లో పడింది. పరీక్ష చేస్తే బి12 అడుగంటి ఉంది. సూదులు వేసి నిలబెట్టడానికి నెలలు పట్టింది. తరువాత మోకాళ్లు మార్పించుకుంది. ఇప్పుడు వడియాలు ఎండబెట్టడానికి మేడ ఎక్కుతోంది. ఆపరేషన్ ఆవిడకు మేలే చేసింది. మాత్ర వేసుకున్నావా అని అడిగే మనిషి పక్కన లేకపోవడమే కీడు చేసింది. నువ్వు దీన్ని దాచిపెట్టి చేయించుకుంటున్నావని తెలిసినప్పుడు నాకు గుర్తొచ్చింది శారద వదిన పెరట్లో పడటమే. దాచిన ఆపరేషన్‌కు కాపలా ఉండేది ఎవరు?

అల్లుడుగారికి కొత్త బెల్లం పంపిస్తాను. నువ్వు ముట్టకు. గోంగూర పచ్చడి కూడా పెడుతున్నాను, కారం తగ్గించాను, నీకు గుండెల్లో మంట కదా.

ఆ మంట సంగతి డాక్టరుకు చెప్పావా? చెప్పి తీరాలి. స్లీవ్ చేస్తే మంట పెరగవచ్చు. ముందు ఎండోస్కోపీ చేసి చూడాలి. మంట ఎక్కువైతే బైపాస్ మేలంటారు, గుండెది కాదు, పొట్టసంచిని చిన్నది చేసి పేగుకు కలిపేది. షుగరుకు కూడా అది బాగా పనిచేస్తుంది. కానీ బైపాస్ అయ్యాక మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి వేసుకోకూడదు, పుండు పడుతుంది. నువ్వు డబ్బాలో పెట్టుకుని వారానికి నాలుగు మింగుతావు, నేను చూశాను. ఇంకొకటి. ముట్లాగిన తరువాత ఎముకలు ఎలాగూ పలచబడతాయి. బరువు వేగంగా దిగితే ఎముకా కండా రెండూ కరుగుతాయి. 30 ఏళ్ల పిల్లకూ నీకూ ఉన్న తేడా అదే. అందుకని ఎముకల సాంద్రత పరీక్ష ముందే చేయించు. ప్రొటీను రోజుకు కనీసం 60 గ్రాములు తినడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకో. ఒక గుడ్డులో 6 గ్రాములే ఉంటుంది, పాలు, పెరుగు, చేప, మినుములు అన్నీ కలిస్తే గానీ ఆ లెక్క చేరదు. కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా లేవడం సాధన చేయి. పిత్తాశయంలో రాళ్లు పడకుండా ఆరు నెలలు మాత్ర ఇస్తారేమో అడుగు. నీ షుగరు మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్ ఉంటే ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందే ఆపాలి. ఎవరూ అడగకపోతే నువ్వే చెప్పు.

షుగరు పూర్తిగా పోతుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మకు. నీకు వచ్చి 12 ఏళ్లు దాటింది. కొత్తగా వచ్చినవాళ్లలో పోయినంత తేలికగా పాతబడినది పోదు. మందులు తగ్గితే చాలు, కళ్లూ కిడ్నీలూ దక్కితే చాలు. బరువు కూడా మొత్తంలో పాతిక శాతం తగ్గితే మంచి ఫలితమే. 94లో అది 70 దగ్గర ఆగుతుంది. పెళ్లినాటి ఫొటోలోలాగా అవలేదని దిగులుపడకు.

బరువు తగ్గడానికి వారానికొకటి వేసుకునే సూది సంగతి కూడా అడుగు. ఈ ఏడు మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశానికి వచ్చాయి. మానేస్తే బరువు తిరిగి వస్తుంది, ఖర్చూ నెలనెలా. అయినా కొందరికి అదే సరిపోతుంది. కాదనుకుంటే కాదని తెలుసుకుని కాదనుకో. బీమా కాగితాలు అల్లుడుగారిని చదవమను. 35 దాటినవాళ్లకు అదుపులో లేని షుగరో, నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన స్లీప్ ఆప్నియానో, గుండెజబ్బో ఉండాలని, ఇతర పద్ధతులు పనిచేయలేదని చూపాలని పాలసీల్లో ఉంటుంది. నిద్ర పరీక్ష చేయించుకుంటే ఆ కాగితం అక్కడా పనికొస్తుంది. నిద్రలో ఊపిరి ఆగకుండా పెట్టుకునే మిషను ఇస్తే వెంటనే పెట్టుకో. దానికి పెళ్లి దాకా ఆగనక్కరలేదు.

ఆపరేషన్‌ను మాత్రం పెళ్లి అయ్యేదాకా పెట్టుకోకు. పెళ్లి వెళ్లగానే కూడా వద్దు, ఎండలు వస్తాయి. గుక్కగుక్కగా నీళ్లు తాగే మనిషికి హైదరాబాదు ఎండ మంచిది కాదు. ఆషాఢంలో పెట్టించుకో. చిన్ని ఎలాగూ అప్పుడు పుట్టింటికి వస్తుంది, ఒక మనిషి తోడు. నేను ముందే వస్తాను. నాకు మీ ముందుగది చాలు, ఏ.సీ. అక్కరలేదు. మీ తమ్ముడు రైలెక్కిస్తాడు. విటమిన్ మాత్రల పెట్టె నా చేతిలో ఉంటుంది. ఉద్యోగానికి ఎన్నాళ్లు సెలవు దొరుకుతుందో ఇప్పుడే అడిగి పెట్టుకో.

ఈలోగా భోజనం మానేసి బరువు తగ్గించే ప్రయత్నం చేయవద్దు. పొద్దున రెండు ఇడ్లీలైనా తిను, పక్కన గుడ్డు పెట్టుకో. సాయంత్రం చెప్పులు కాదు, బూట్లు వేసుకుని నడువు. పోయినసారి వచ్చినప్పుడు నీ ఎడమ మడమ పగిలి ఉంది, షుగరు ఉన్నవాళ్లు అలా వదిలేయకూడదు. రోజూ రాత్రి కడిగి తుడిచి వాజలీను రాసి మేజోడు వేసుకో.

ఆదివారం మధ్యాహ్నం నేను పడుకోను. అప్పుడు ఫోను చేయి. వియ్యపురాలి మాట ఎత్తను, లలిత పిన్నిని ఏమీ అననని నువ్వు మాట ఇవ్వాలి.

ఇట్లు,
అమ్మ

తా.క.: రక్తపరీక్షల కాగితాలన్నీ ఫొటో తీసి బబ్లూకి పంపు, వాడు పెద్ద అక్షరాలతో ప్రింటు తీసిస్తాడు. మూడు నెలల షుగరు పరీక్ష, థైరాయిడ్, బి12, విటమిన్ డి, ఐరన్ అన్నీ ఉండాలి. మోకాలికి వేసుకునే మాత్ర అట్ట కూడా రెండువైపులా ఫొటో తీయి. టైలరుకు పాత కొలతలే ఇచ్చేస్తున్నాను.