తిరుపతి కుంఫిణీ చేతికి పోయిన నాటి క్లైవ్ ఎవరు?

సంపాదకులకు,

అయ్యా,

1801లో లార్డ్ క్లైవ్ మద్రాసు గవర్నరుగా ఉండగా చిత్తూరు, తిరుపతి కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) ఏలుబడిలోకి వచ్చాయని జిల్లా చరిత్ర వ్యాసాల్లో రాస్తుంటారు. ఆ మాట నిజమే. పక్కన వేసే బొమ్మతోనే చిక్కంతా. అది ప్లాసీ యుద్ధం గెలిచిన రాబర్ట్ క్లైవ్‌ది. ఆయన 1774 నవంబరు 22న లండన్‌లోనే చనిపోయాడు. కర్ణాటక నవాబు అజీముద్దౌలాతో ఒప్పందం కుదిరింది 1801 జులై 31న. అప్పటి గవర్నరు రాబర్ట్ పెద్ద కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్. 1798 ఆగస్టు నుంచి 1803 దాకా ఆ పదవిలో ఉన్నాడు. పనిలో పనిగా మరో మాట: మదనపల్లె, వాయల్పాడు ఆ ఒప్పందంతో వచ్చినవి కావు. నిజాం 1800లో ఇచ్చేసిన దత్తమండలాలతో వచ్చి, కడప జిల్లాలో ఉండి, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇందులో కలిశాయి.

తండ్రీకొడుకులను ఒకరనుకుని మరొకరిగా పొరబడటానికి కారణం ఇద్దరికీ ఉన్న లార్డ్ క్లైవ్ అనే బిరుదు. రాబర్ట్‌కు 1762లో దక్కింది ఐర్లండ్ జాబితాలోని బారన్ (ప్రభువుల్లో అన్నిటికన్నా కింది మెట్టు) పదవి. దాంతో ఇంగ్లండ్ ప్రభువుల సభలో కుర్చీ రాదు, కానీ కామన్స్ సభకు పోటీ చేయవచ్చు. తండ్రి పోయేనాటికి 20 ఏళ్ల ఎడ్వర్డ్ ఆ బిరుదును వారసత్వంగా పొంది, లడ్లో నుంచి 20 ఏళ్లు కామన్స్ సభలో కూర్చున్నాడు. 1794లో బ్రిటన్ జాబితాలో వాల్కాట్ బారన్ అయ్యాకే ప్రభువుల సభలో అడుగుపెట్టాడు. కాబట్టి 1774 చివరి నుంచి 1804 దాకా ఏ కాగితంలో లార్డ్ క్లైవ్ అని ఉన్నా అది కొడుకే. 1804 తర్వాత అయితే ఆయన పేరు క్లైవ్ కింద కూడా దొరకదు. పోవిస్ ఎర్ల్ (బారన్ కన్నా పై మెట్టు బిరుదు) కింద వెతకాలి.

అసలు ముడి పడేది అక్కడే. ఎడ్వర్డ్‌కు పిల్లనిచ్చిన మామ హెన్రీ హెర్బర్ట్ 1748లో మొదటి పోవిస్ ఎర్ల్. బావమరిది జార్జ్ రెండో ఎర్ల్. పెళ్లి చేసుకోకుండా 1801లో పోయాడు. బిరుదు ఆగిపోయింది. 1804లో దాన్ని కొత్తగా ఎడ్వర్డ్‌కు ఇచ్చారు గనుక లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైంది. అంటే మామా మొదటి ఎర్లే, అల్లుడూ మొదటి ఎర్లే. బావమరిదీ రెండో ఎర్లే, ఎడ్వర్డ్ కొడుకూ రెండో ఎర్లే! అంకె చూసి మనిషిని గుర్తుపట్టబోతే బోల్తా పడక తప్పదు. బిరుదు ఏ ఏడు ఇచ్చారో పక్కన రాస్తేనే తేలుతుంది. ఇది చాలదన్నట్టు ఆ కొడుకు 1807లో మేనమామ ఆస్తి కోసం క్లైవ్ అనే ఇంటిపేరు వదిలి హెర్బర్ట్ అయ్యాడు, మన దగ్గర దత్తత పోయినవాడు మార్చుకున్నట్టు. అందుకే ఆయన తర్వాతి పోవిస్ ఎర్ల్‌లు హెర్బర్ట్‌లు. రక్తం మాత్రం క్లైవ్‌లది.

ఎడ్వర్డ్ భార్య హెన్రియెట్టాను మన వ్యాసకర్తలు దాదాపు మరిచారు, అది నాకు నచ్చదు. గవర్నరు కన్నా ఆమే ఆసక్తికరమైన మనిషి. 1800లో ఇద్దరు కూతుళ్లనూ, వాళ్లకు చదువు చెప్పే ఇటలీ చిత్రకారిణి అన్నా టొనెల్లినీ వెంటబెట్టుకుని మద్రాసు నుంచి వేలూరు మీదుగా బెంగళూరు, శ్రీరంగపట్నం, కోయంబత్తూరు, తిరుచ్చి, తంజావూరు చుట్టి వచ్చింది. కొడుకులిద్దరూ అప్పుడు ఇంగ్లండ్‌లోనే ఉన్నారు. చిన్న కూతురు షార్లెట్ రాసిన దినచర్య నేటికీ మిగిలింది. ఈ షార్లెట్టే 1817లో పెర్సీ వంశంలోకి కోడలుగా వెళ్లి నార్తంబర్లాండ్ డచెస్ అయింది, రాణి కాకముందు విక్టోరియాకు గవర్నెస్‌గా ఉంది. నీడలో పెంచే క్లైవియా మొక్కకు 1828లో ఆ పేరు పెట్టింది ఈమె పుట్టింటిని బట్టే. ప్లాసీ క్లైవ్‌కు దాంతో సంబంధం లేదు. ఈమెను 1800 నాటి ప్రయాణంలోనే లేడీ షార్లెట్ అనడమూ తప్పే. సొంత పేరు ముందు లేడీ చేరేది ఎర్ల్ కూతురికి గానీ బారన్ కూతురికి కాదు. తండ్రి ఎర్ల్ అయింది నాలుగేళ్ల తర్వాత.

వేల్స్‌లోని పోవిస్ కోటలో ఉన్న టిప్పు గుడారాన్ని రాబర్ట్ క్లైవ్ దోచుకెళ్లాడని రాసేవాళ్లు కూడా తేదీ చూసుకోవాలి. శ్రీరంగపట్నం పడింది 1799 మే 4న. రాబర్ట్‌కు అంటగట్టడానికి బెంగాల్ ధనం చాలదా!

ఇదే జాగ్రత్త తిరుమల గుడిలో మన్రో పేరుతో పిలిచే పాత్ర, మన్రో గంగాళం గురించి రాసేటప్పుడూ అవసరం. మద్రాసు గవర్నరుగా పనిచేసిన థామస్ మన్రో స్కాట్లాండువాడు. 1825లో ఆయనకు వచ్చింది బారొనెట్ హోదా. వారసులకు దక్కుతుంది గానీ ప్రభువుల సభలో చోటివ్వదు. కనుక లార్డ్ మన్రో అనకూడదు, సర్ మన్రో అనీ అనకూడదు. సర్ థామస్ మన్రో, లేదా సర్ థామస్. ఆయన భార్య జేన్ మాత్రం లేడీ మన్రో.

ఇట్లు,
చరిత్ర అధ్యాపకుడు (విశ్రాంత), తిరుపతి