తలగడ కింది మాత్రలు కేస్ షీటులోకి రావాలి

సంపాదకులకు,

ఇంటి మందుల సంచీ లేకుండా వార్డులో చేరే షుగరు, బీపీ రోగులు తక్కువ. ఆ సంచీ తలగడ కిందికి పోతుంది. సిస్టర్ ఇచ్చేవి సిస్టర్ ఇస్తుంది, రోగి తనవి తాను వేసుకుంటాడు. కేస్ షీటులో ఉండేవి మొదటివే.

అలాగని సంచీ లాగేసుకోమని మేం అనడం లేదు. ఏళ్లుగా తన ఇన్సులిన్ తానే వేసుకునే మనిషికి మంచమెక్కగానే ఆ పని రాకుండా పోదు. రెగ్యులర్ ఇన్సులిన్ తిండికి అరగంట ముందు పడాలి. సిస్టర్ చివరి మంచం దాకా వచ్చేసరికి ఇడ్లీ తినేసి ఉంటారు. పార్కిన్సన్స్ రోగికి లెవోడోపా అరగంట ఆలస్యమైనా ఒళ్లు బిగుసుకుపోవచ్చు. ఇలాంటి మందులు రోగి చేతికే ఇవ్వాలి, అయితే లెక్క రాసి ఇవ్వాలి.

లెక్క లేకపోతే ఇబ్బంది ఎక్కడంటే, ఇంటి స్ట్రిప్పు మీద ఒక కంపెనీ పేరు, ఆసుపత్రి స్ట్రిప్పు మీద ఇంకో పేరు, లోపల రెండూ టెల్మిసార్టాన్ అనే బీపీ మందే. రెండూ పడితే బీపీ పడిపోయి బాత్రూం గుమ్మంలో కళ్లు తిరుగుతాయి. ఆపరేషన్‌కని పస్తుంచిన రోజు అలవాటు కొద్దీ షుగరు మాత్ర గ్లిమెపిరైడ్ మింగితే షుగరు ప్రమాదకరంగా దిగిపోతుంది. అన్నిటికన్నా భయపెట్టేది ఇన్సులిన్ పెన్నులో పెట్టే మందు గొట్టం, అంటే కార్ట్రిడ్జి. అందులో మిల్లీలీటరుకు 100 యూనిట్లు. మన దగ్గర మామూలు సీసాలో 40. పెన్ను పనిచేయలేదని కార్ట్రిడ్జిలోంచి, 40 యూనిట్ల సీసాకని చేసిన ఎర్రమూత సిరంజితో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 25 యూనిట్లు.

చేరిన రోజే ఫార్మసిస్టు సంచీ విప్పించి ఒక్కో స్ట్రిప్పూ చూడాలి. కత్తెరతో ముక్కలు చేసి అమ్మిన స్ట్రిప్పుల మీద పేరుగానీ గడువు తేదీగానీ మిగలకపోతే వాటిని వాడనివ్వకూడదు. తర్వాత మూడు మెట్లు: మొదట సిస్టరే ఇవ్వడం, తర్వాత సిస్టర్ ఎదుట రోగి వేసుకోవడం, అది సరిగ్గా సాగితే మందులు పెట్టిన లాకరు తాళంచెవి రోగికే. ఏ మెట్టులో ఉన్నాడో డాక్టరు కేస్ షీటులో రాయాలి. వేసుకున్న ప్రతిసారీ రోగి మంచం దగ్గరి కాగితంలో టైము వేయాలి. జ్వరం పెరిగినా, మాట తికమకపడినా, మత్తు ఇచ్చినా మళ్లీ మొదటి మెట్టుకే. మార్ఫిన్, సెలైన్‌లో ఎక్కించేవి రోగి చేతికి ఎప్పుడూ ఇవ్వకూడదు. ఆస్తమా పఫ్ మాత్రం లాకరులో కాదు, చేతికందేలా ఉండాలి. వాడుతున్న ఇన్సులిన్‌ను మన ఎండల్లో కిటికీ గట్టు మీద పెట్టనివ్వకండి.

మా ఊరి రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో ఒక్కో వార్డులో మొదలుపెట్టి చూడొచ్చు. డిశ్చార్జి నాడు సంచీ తిరిగిచ్చేటప్పుడు ఆపేసిన మందుల స్ట్రిప్పులు అందులోంచి తీసేసి, వాటి పేర్లు కూడా చీటీలో తెలుగులో రాసివ్వాలి.

- కొందరు ఫార్మసిస్టులు, నర్సులు, తిరుపతి